మూడిండ్ల నీళ్లు తాగించిన ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున, అమీర్‌పేటలోని మా ఆఫీసులోనే, టేపులు అమ్మేవాడెవడినో ఫోన్లో తిడుతూ తిడుతూ కుర్చీలో పక్కకు ఒరిగిపోయారు. రిసీవర్ కిందికి వేలాడుతోంది. అవతలివాడు ఇంకా "హలో సార్, హలో సార్" అంటూనే ఉన్నాడు. నేను రిసీవర్ తీసి, "ఇగ తిట్టరు, పెట్టెయ్" అన్నాను. ఆ మాట అన్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు సౌమ్యులు, మృదుభాషి అని మొదలుపెట్టడం రివాజు. ఆ మాటలు చెవిన పడి ఉంటే రాసినవాడి మీదికి చెప్పు విసిరేవారాయన. వట్టి కోపిష్టి మనిషి. నా కుడి కనుబొమ మీద చిన్న గీత ఉంది చూడండి, అది ఆయన తాళాల గుత్తి పెట్టిన గుర్తు. మా ఆఫీసులో ఒక కుర్చీకి చెయ్యి లేదు, అదీ ఆయన పుణ్యమే. నేను కూడా తక్కువ తిన్నవాణ్ణి కాదు. కోపం వస్తే గోడను గుద్దే అలవాటు నాది. ఇద్దరం ఒకే గదిలో అన్నేళ్లు ఎలా బతికామో ఆ దేవుడికే తెలియాలి.

మాది అమీర్‌పేట చౌరస్తా దగ్గర, ఇరానీ హోటల్ పైన, రెండో అంతస్తు. బీరువా అంత యూనిక్స్ మెషిన్ ఒకటి, దానికి నాలుగు టెర్మినళ్లు. దుకాణాలకు, ఆస్పత్రులకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెట్టే పని. కంప్యూటర్ అంటే జనం ఇంకా ఏసీ గదిలో దేవుణ్ణి చూసినట్టు చూసే రోజులు. ఉస్తాద్ అసలు పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లను నేనెరగను. ఇంట్లో వాళ్లు దక్కనీలో, మేము తెలుగులో, అందరం ఉస్తాద్ అనే పిలిచేవాళ్లం.

తాళాల గుత్తి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు.

మనం టైపు చేసిన మాటను అందుకుని మెషిన్‌తో పని చేయించే దళారిని షెల్ అంటారు. అందులో రకాలున్నాయి. పాత షెల్ ఒకటి, అది యూనిక్స్ ఉన్న ప్రతి మెషిన్‌లోనూ ఉంటుంది. సీ షెల్ అని ఇంకోటి, కొన్ని మెషిన్లలోనే ఉంటుంది. మా దాంట్లో ఉంది. ఇంతకుముందు కొట్టిన కమాండ్‌ను అది గుర్తుపెట్టుకుంటుంది. లెక్కలు తనే చేస్తుంది. పాత షెల్‌లో పన్నెండు లైన్లు పట్టేది అందులో నాలుగింట్లో అయిపోతుంది. ఇరవై మూడేళ్ల వాడికి అంతకంటే ఏం కావాలి? షెల్ వరసగా చెయ్యాల్సిన పనులు రాసిపెట్టే చిట్టాను స్క్రిప్టు అంటారు. చేరిన నెలలోనే అలాంటి స్క్రిప్టు ఒకటి మొత్తం సీ షెల్‌లో రాసి, మీసం మెలేసుకుంటూ ఉస్తాద్ ముందు పెట్టాను.

ఆయన చదివారు. చదివి, ఆ కాగితాన్ని నిలువునా చింపారు.

"గిది ఏడ నడుస్తది?"

"ఈడనే ఉస్తాద్. మస్తు నడుస్తది, చూపిస్త."

"ఈడ నడిస్తె ఏం గొప్ప? నీ ఇంట్ల నువ్వు నడుస్తవ్, దాన్ని నడక అంటరా? రేపు గిది ఖైరతాబాద్ పోతది, ఎల్లుండి పంజాగుట్ట పోతది. ఆడ నీ సీ షెల్ లేకపోతె నువ్వు పోయి మెషిన్ లోపల కూసుంటవా?"

"గా పాత షెల్‌ల ఏముంది ఉస్తాద్? ఎడ్లబండి అది" అన్నాను.

అప్పుడు వచ్చింది గుత్తి. కనుబొమ చిట్లి రక్తం కళ్లలోకి దిగింది. ఆయనే తన రుమాలు చింపి కట్టు కట్టారు. కడుతూ కూడా తిడుతూనే ఉన్నారు.

మా ఆఫీసులో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. దాన్ని మూడిండ్ల నీళ్లు తాగించడం అనేవారు. ఏ స్క్రిప్టు రాసినా ముందు మా మెషిన్‌లో నడపాలి. తర్వాత దాన్ని టేపు మీదికి ఎక్కించి, ఆ టేపును తువ్వాలులో చుట్టి, టిఫిన్ సంచిలో పెట్టుకుని, ఖైరతాబాద్‌లో ఆయన దోస్తు పనిచేసే ఆఫీసుకు పోయి, వాళ్లు అన్నానికి లేచినప్పుడు అక్కడి మెషిన్‌లో నడపాలి. ఆ తర్వాత పంజాగుట్టలో మేము పనిచేసే ఒక ఆస్పత్రి మెషిన్‌లో. మూడూ వేర్వేరు కంపెనీల మెషిన్లు, మూడింటి బుద్ధులూ వేరు. మూడు చోట్లా ఒకే జవాబు వస్తేనే స్క్రిప్టు మొదట్లో ఆయన తన పొడి అక్షరాలు టైపు చేసేవారు. ఆయన సంతకమంటే అదే. ఒక్క చోట తేడా వచ్చినా కాగితం చిరిగేది.

ఎండాకాలం ఎవరిదో ఒక స్కూటర్ వెనక ఎక్కి, టేపు సంచిని ఒళ్లో పెట్టుకుని తిరిగి తిరిగి నాకు మండిపోయేది. ఒకరోజు ఆయన టెర్మినల్ దగ్గర నిలబడితే తెలిసింది, ఆయన లాగిన్ అయ్యేది సీ షెల్‌లోనే! దొరికావు కదా అనుకున్నాను.

"ఏంది ఉస్తాద్ గిది? మాకు పాతది, మీకు కొత్తదా?"

ఆయన ఆ రోజు కొట్టలేదు, నవ్వారు. "అరె మియా, ఇంట్ల నేను లుంగీ కట్టుకుంట. ఆరామ్‌గ ఉంటది. లుంగీ మీద పెండ్లికి పోతనా? చేతితోని కొట్టుకునేటిది నీ ఇష్టం. నలుగురికి ఇచ్చేది మాత్రం ఎవనింట్లనన్న నిలబడాలె."

నిజం చెప్తున్నాను, నాకది అర్థమైంది. అర్థమయ్యే చేశాను నేను చేసిన పని. అందుకే నన్ను నేను క్షమించుకోలేను.

ఆ ఆస్పత్రికి రక్తదాతల జాబితా ఒకటి మా దగ్గర ఉండేది. గ్రూపు, పేరు, పేట, ఫోన్ నంబరు. వాళ్లు అడిగినప్పుడు మా మెషిన్‌లోనే తీసి పంపేవాళ్లం. గ్రూపు అడిగితే, దాన్ని పైన శీర్షికలో పెట్టి, కింద ఆ గ్రూపు వాళ్ల పేర్లు, నంబర్లు మాత్రమే అచ్చువేసే స్క్రిప్టు కావాలన్నారు. గట్టిగా నాలుగు లైన్లు. టీ చల్లారేలోపు రాసేశాను, చేతికి అలవాటైన సీ షెల్ వరసలో. మా మెషిన్‌లో చక్కగా నడిచింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"మూడిండ్లు అయినయా?" అని అడిగారు ఉస్తాద్.

"అయినయ్ ఉస్తాద్."

ఆయన నా మొహం చూశారు. నమ్మారు. పొడి అక్షరాలు టైపు చేశారు.

రెండు నెలల తర్వాత ఊర్లో కత్తులు లేచాయి. ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు మొదలుపెట్టారు అనేది నేను రాయను. ఆ లెక్కలు తీసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రోజు మధ్యాహ్నం చౌరస్తాలో షట్టర్లు టపటపా పడిపోయాయి. మాకు రోజూ టీ తెచ్చే హోటల్ మనిషి, చాయ్ భాయ్ అనేవాళ్లం, పిల్లలు గలవాడు, ట్రేతో మా మెట్లు ఎక్కుతుండగా వెనకనుంచి ఎవడో వచ్చి కడుపులో పొడిచి పోయాడు. గ్లాసులు పగిలిన చప్పుడు విని తలుపు తీశాం. మెట్ల నిండా టీ, రక్తం కలిసి కిందికి కారుతున్నాయి. చాయ్ భాయ్ రెండు చేతులతో కడుపు పట్టుకుని, "ఉస్తాద్, గలాసులు పలిగినయ్" అన్నాడు. పొడిపించుకున్నవాడు అన్న మాట అది!

ఉస్తాద్ తన చొక్కా విప్పి ఆ కడుపు మీద అదిమారు. కింద అరటిపండ్ల తోపుడు బండి వదిలేసి ఎవరో పారిపోయారు. పండ్లు రోడ్డు మీదికి తోసేసి చాయ్ భాయ్‌ని దాని మీద పడుకోబెట్టాం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా బనీను మీద ఆ బండి తోశారాయన. భుజానికి టేపు సంచి వేలాడుతూనే ఉంది. దారిలో ఒక గుంపు సైకిల్ చైన్లు తిప్పుతూ అడ్డం వచ్చింది. "పేరేంది? పేరు చెప్పు" అన్నారు. "వీనికి పేరు లేదు, రక్తం పోతున్నది, హట్!" అని ఆయన ఎంత గట్టిగా అరిచారంటే వాళ్లు పక్కకు జరిగారు. ఒక చైను మాత్రం ఆయన వీపు మీద తగిలింది. బండి ఆగలేదు.

ఆస్పత్రిలో డాక్టర్ చూసి, "ఓ నెగటివ్. మా దగ్గర ఒక్క సీసా కూడా లేదండి. దాతల లిస్టు మీ దగ్గరే కదా? ఎంత తొందరగా తీస్తే అంత మంచిది" అన్నారు. అమీర్‌పేటలో కరెంటు పోయింది, మా మెషిన్ దండగ. ఆస్పత్రి మెషిన్ జనరేటర్ మీద నడుస్తోంది. జాబితా, స్క్రిప్టు రెండూ ఉన్న టేపు సంచిని ఉస్తాద్ నా మీదికి విసిరారు. "నువ్వు పో. లిస్టు తీ. నేను వీని కడుపు వదిలిపెట్ట."

టేపు ఎక్కించాను. స్క్రిప్టు నడిపాను. ఒక్క ఎర్రర్ రాలేదు. ప్రింటర్ కరకరలాడుతూ కాగితం కక్కింది. పేర్లు, పేర్లు, పేర్లు. ఇంతమంది ఉన్నారా, బతికాడు చాయ్ భాయ్ అనుకున్నాను. దగ్గరి పేటల వాళ్లు పైన వచ్చేలా నేనే రాశాను కాబట్టి నర్సులు పైనుంచి ఫోన్లు కొట్టడం మొదలుపెట్టారు.

బయట రాళ్లు పడుతుంటే ఆ ఫోన్లు ఎత్తి, "వస్తున్నాం" అన్నవాళ్లు నలుగురు. ముగ్గురు ఎలాగో వచ్చి చేరారు. పరీక్ష చేస్తే ఒకరు ఏ, ఇద్దరు బీ. ఇదేంటి అని టెక్నీషియన్ తల గోక్కున్నాడు. నాలుగో మనిషి అమీర్‌పేటలో ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు. గుంటూరు వైపు నుంచి వచ్చి గది అద్దెకు తీసుకుని ఉన్నారు. పంజాగుట్ట చౌరస్తాలో ఆయన స్కూటర్ మీదికి సోడాసీసా వచ్చింది. కళ్లజోడు పగిలి, ఆ గాజు ఎడమ కంట్లో దిగింది. ఆ మనిషి కర్చీఫ్ కంటికి అదుముకుని, చొక్కా అంతా రక్తంతో నడుచుకుంటూ ఆస్పత్రిలోకి వచ్చి, "నా సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు రక్తం తీసుకోండి. ఎవరో చచ్చిపోతున్నారన్నారుగా" అన్నారు.

ఆయనది బీ పాజిటివ్. ఫోన్ చేసినవాళ్లు గ్రూపు చెప్పలేదు, ఆయన అడగలేదు.

చాయ్ భాయ్‌ని డాక్టర్లకు అప్పగించి ఉస్తాద్ వచ్చి నా చేతిలోంచి కాగితం లాక్కున్నారు. పేర్లు చూడలేదు, పైన శీర్షిక చూశారు. దాతలు అని ఉండి, పక్కన గ్రూపు ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ చూసి ఆయన మొహం నల్లబడింది. నేను గ్రూపును దాచుకోమని రాసిన లైను సీ షెల్ వరసలో ఉంది. ఆస్పత్రి మెషిన్‌లో సీ షెల్ లేదు. పాత షెల్‌కు ఆ వరస తెలియదు. తెలియనప్పుడు అరిచి ఆగిపోయినా బాగుండేది. అరవలేదు. గమ్మున గ్రూపును ఖాళీగా వదిలేసి ముందుకు పోయింది. వెతకడానికి గ్రూపే లేకపోతే ఫైల్లోని ప్రతి పేరూ సరిపోయినట్టే లెక్క. నేను ఓ నెగటివ్ వాళ్ల జాబితా తీయలేదు. జాబితా మొత్తం తీసి, రాళ్లవానలోకి జనాన్ని పిలిపించాను.

ఉస్తాద్ టెర్మినల్ ముందు నిలబడే ఆ లైనులో ఒక మాట, రెండు ఖాళీలు తీసేశారు. అంతే. మళ్లీ నడిపారు. మూడు పేర్లు వచ్చాయి. మొదటి ఫోనుకే సోమాజిగూడ నుంచి ఒకామె పోలీసు జీపులో వచ్చి రక్తం ఇచ్చింది. చాయ్ భాయ్ బతికాడు.

ఫోన్ పని అయ్యాక ఉస్తాద్ నన్ను వరండాలోకి ఈడ్చుకుపోయారు.

"ఎన్ని ఇండ్లు?"

"ఒకటే ఉస్తాద్."

కొట్టారు. ఆ చేతికి చాయ్ భాయ్ రక్తం ఇంకా ఆరలేదు. నా చెంప మీద అయిదు వేళ్లూ ఎర్రగా పడ్డాయి, ఏది ఆయన దెబ్బో ఏది చాయ్ భాయ్ నెత్తురో తెలియకుండా. నేను కింద పడితే లేపి మళ్లీ కొట్టారు. ఇంకో నాలుగు కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు మాస్టారి కన్ను తీసేశారని తెలిసింది. నేను ఆయన మంచం దగ్గరికి పోయి కాళ్ల మీద పడాలని బయల్దేరాను. ఉస్తాద్ నా కంటే ముందు పోయారు. నేను గుమ్మంలో ఉండగానే ఆయన గొంతు వినిపించింది. "మాస్టారు, మిమ్మల్ని పిలిచిన లిస్టు తప్పు. దాని మీద సంతకం నాది. మీ కన్ను తీసింది నేను."

మాస్టారు ఏమన్నారో ఇక్కడ రాయను. రాసేవి కావు. మెట్ల మీద ఉస్తాద్‌ను ఆపి, "గట్ల ఎందుకు చెప్పిన్రు? నేను చెప్త" అన్నాను.

"నోరు మూసుకో. సంతకం నీదా? నాది. చూడకుండ పెట్టిన. నీ అబద్ధం నువ్వు మొయ్యి, నా సంతకం నేను మోస్త."

ఆ తర్వాత మూడేళ్లు, ప్రతి శనివారం కాలేజీ ఒంటిపూట కాగానే మాస్టారు మా మెట్లెక్కి వచ్చేవారు. ఉస్తాద్ ఎదురు కుర్చీలో కూర్చుని తిట్టేవారు. "ఏంటండీ మీ కంప్యూటర్లు? మీ మొహం మండ! బోర్డు మీద గీత గీస్తే వంకరపోతోంది. పిల్లలు నవ్వుతున్నారు" అనేవారు. తాళాల గుత్తి విసిరిన మనిషి, కుర్చీ విరగ్గొట్టిన మనిషి, తల వంచుకుని వినేవారు. చాయ్ భాయ్ ఇద్దరికీ టీ పోసేవాడు. ఒక శనివారం మాస్టారు ఆ వేడి టీ ఎత్తి ఉస్తాద్ గుండెల మీద కొట్టారు. ఉస్తాద్ తువ్వాలుతో తుడుచుకుని, "భాయ్, మాస్టారుకు ఇంకోటి తే" అన్నారు. నేను పక్క టేబుల్ దగ్గర కూర్చుని టైపు చేస్తున్నట్టు నటించాను. థూ, నా బతుకు.

ఒకసారి తట్టుకోలేక లేచాను. ఉస్తాద్ నా భుజం మీద చెయ్యేసి ఎముక నొప్పి పుట్టేలా కిందికి నొక్కారు. మాస్టారు పోయాక అన్నారు: "ఆయనకు తిట్టనీకి ఒక మనిషి కావాలె. ఒక్కడు చాలు. నువ్వు పని నేర్చుకో." నేర్చుకున్నాను. అప్పటినుంచి నా స్క్రిప్టు మూడిండ్లు తిరగకుండా ఎవరి చేతికీ పోలేదు. ఆయన నాకిచ్చిన చదువు అది. నాకు చదువు చెప్పిన మనిషి ఒకరున్నారంటే ఆయనే. కానీ చదువు చెప్పించుకుంటూ నేను నోరు మూసుకున్నాను, హాయిగా మూసుకున్నాను.

బుధవారం ఖననం. మా ఆఫీసు వాళ్లమందరం పోయాం. చాయ్ భాయ్ జనాజాకు భుజం పట్టి, మధ్యలో ఒక్కసారి కూడా వదల్లేదు. అందరూ తలా మూడు పిడికిళ్ల మన్ను వేసి వెళ్లిపోతుండగా గేటు దగ్గర మాస్టారు కనిపించారు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని లోపలికి వచ్చారు. సమాధి దగ్గర నిలబడి, "పోయారా? మరి శనివారం నేనెక్కడికి పోను?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.

ఇంక ఆగలేకపోయాను. చెప్పేశాను. స్క్రిప్టు నాది. అబద్ధం నాది. ఆయన చేసిందల్లా నన్ను నమ్మడం.

"ఏంటి?" అన్నారు. మళ్లీ "ఏంటి?" అన్నారు. "మూడేళ్లు. మూడేళ్లు తిట్టానురా ఆయన్ని. వేడి వేడి టీ పోశాను. నువ్వు అక్కడే కూర్చుని ఉన్నావు. ఇప్పుడా చెప్తావు? ఇప్పుడు ఎవరికి చెప్పుకోను నేను?"

వంగి ఒక పిడికెడు మన్ను తీసి నా మొహం మీద కొట్టారు. కళ్లలో పడింది. నేను కదల్లేదు, తుడుచుకోలేదు. కొట్టనీ అనుకున్నాను. ఇంకో పిడికెడు ఎత్తారు. ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ మన్ను ఎక్కడినుంచి తీశారో అప్పుడు చూసుకున్నారు.

మెల్లగా మోకాళ్ల మీద కూర్చున్నారు. మన్ను తిరిగి పెట్టబోతే చెయ్యి సమాధి దాటి అవతల పడింది. ఒంటికన్నుకు దూరం అందదు. మళ్లీ దగ్గరికి తెచ్చి, గుంట పడిన చోట పోసి, అరచేత్తో అద్దడం మొదలుపెట్టారు. అద్దుతూ ఏవో గొణుగుతున్నారు, నాకు వినపడలేదు. చాలాసేపటికి తల ఎత్తకుండానే అన్నారు.

"ఇదిగో, ఈ పక్క చదునయిందా చూడు. నాకు కనపడదు."

నేను పక్కన కూర్చున్నాను. కళ్లనిండా మన్ను, నాకూ ఏమీ కనపడటం లేదు. ఇద్దరం చేతులతోనే తడిమి చూశాం.